వేలూరు స్త్రీల వైద్య కళాశాల – దాని నాయకురాండ్రు

మా పాస్టరేటులో ఎవరికైనా జబ్బు ముదిరి, ఇక్కడి డాక్టర్లు పెదవి విరిచినప్పుడు ఇంటివారు అనే మాట ఒక్కటే. "వేలూరు తీసుకొని పోదామండి, అయ్యగారూ." ఆ మాట మీద పొలము కుదువ పెట్టినవారిని మేము ఎరుగుదుము. చెవి కమ్మలు తీసి ఇచ్చిన తల్లులను ఎరుగుదుము. రోగులను వెంటబెట్టుకొని మేమే మూడు మారులు కాట్పాడి స్టేషనులో దిగినాము. తెల్లవారుజామున ఆ ప్లాట్‌ఫారము మీద వినిపించే భాషలలో తమిళము తరువాత మన తెలుగే ఎక్కువ అనిపిస్తుంది.

ఆసుపత్రి పేరు అందరికీ తెలుసు. అయితే ఆ వైద్య కళాశాల మొదట స్త్రీల కొరకు మాత్రమే పుట్టినదనీ, దాదాపు ముప్పది సంవత్సరములు అందులో పురుష విద్యార్థి ఒక్కడు కూడ లేడనీ మన సంఘములలో ఎక్కువమందికి తెలియదు. శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మాకు మొదట తోచిన విషయము ఇదే. మన డయాసిస్ చరిత్ర వ్రాయగల పెద్దలు ఈ సంచికలో చాలమంది ఉన్నారు. మేము మాత్రము మన రోగులకు ఆశ్రయమైన ఆ కళాశాలను ఎవరు నడిపించారు, ఏ చేతుల నుండి ఏ చేతులలోనికి ఆ బాధ్యత మారినది అను సంగతిని కొంచెము వివరించ తలంచినాము. అందులో తెలుగు దేశముతో సంబంధము గలవారు ముగ్గురు కనబడుట మాకు ఆశ్చర్యమును, సంతోషమును కలిగించినది.

ఐడా స్కడ్డరు అమ్మగారి పిలుపును గూర్చిన కథ సండేస్కూలు పిల్లలకు కూడ కంఠతా వచ్చును. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి తలుపు తట్టుట, పురుష వైద్యుని చేత తమ భార్యలకు కాన్పు చేయించుటకు వారు ఒప్పుకొనకపోవుట, తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలు చనిపోవుట – ఇదంతా చెప్పి మీ కాలము వృథా చేయము. ఆమె 1870లో రాణిపేటలో జన్మించి, అమెరికాలో కార్నెల్ వైద్య కళాశాల నుండి 1899లో పట్టము పొంది, 1900లో తిరిగి వచ్చారు. ఒక న్యూయార్కు బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన 10,000 డాలర్లతో వేలూరులో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి 1902లో తెరచారు. సండేస్కూలు కథ ఇక్కడితో ఆగిపోతుంది. పరిపాలన కథ ఇక్కడనే మొదలవుతుంది.

ఒక్క డాక్టరమ్మ ఎంతమందిని చూడగలదు? ఆ రోజులలో ఇది వేలూరుకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారికీ ఇదే చిక్కు. సముద్రము దాటి వచ్చే దొరసానుల సంఖ్య ఎప్పటికీ చాలదు. ఈ దేశపు ఆడపిల్లలనే డాక్టర్లుగా తయారుచేయవలెను. అందుకు ఒక పాఠశాల కావలెను. దానిని నడుపుట ఒక్క మిషనుకు తలకు మించిన భారము గనుక, అనేక మిషన్లు కలిసి ఒక కౌన్సిలుగా ఏర్పడి భారము పంచుకొన్నవి. దక్షిణ ఇండియా సంఘము 1947లో ఏర్పడుటకు ఎంతో ముందే, బాప్టిస్టులు, రిఫార్ముడు సంఘమువారు, మెథడిస్టులు ఒకే బల్ల చుట్టు కూర్చుండి బడ్జెట్టు తయారుచేయుట అక్కడ నేర్చుకొన్నారు. సంఘముల ఐక్యతను గూర్చి ప్రసంగించుట తేలిక. ఉమ్మడి లెక్కల పుస్తకము వ్రాయుట కష్టమని కమిటీలలో కూర్చున్న మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

1918 ఆగస్టు 12వ తేదీన మద్రాసు గవర్నరు లార్డు పెంట్లాండు చేతుల మీదుగా స్త్రీల మిషనరీ వైద్య పాఠశాల ప్రారంభమైనది. సొంత కట్టడములు లేవు. పాఠములు అద్దె ఇండ్లలో జరిగినవి. ప్రభుత్వ వైద్యశాఖ పెద్ద దరఖాస్తులు మూడు వచ్చినా మీ అదృష్టమే అన్న ధోరణిలో మాటలాడారట. వచ్చిన దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పటికి ఐడా అమ్మగారికి 47 ఏండ్లు నిండినవి. ప్రిన్సిపాలు ఆమెయే, ఆసుపత్రి పెద్ద ఆమెయే, శరీరశాస్త్రము చెప్పే ఉపాధ్యాయురాలును ఆమెయే. మొదటి సంవత్సరపు ప్రభుత్వ పరీక్షకు వెళ్లిన 14 మంది ఆడపిల్లలూ ఉత్తీర్ణులైనారు. మగపిల్లల పాఠశాలలలో చాలమంది తప్పే పరీక్ష అది. 1922లో తొలి తరగతి పూర్తిచేసి బయటికి వచ్చినది.

డబ్బు మాట కూడ చెప్పుకొనవలెను, ఎందుకనగా తరువాత వచ్చిన తగవుకు మూలము అక్కడ ఉన్నది. 1920వ సంవత్సరము మొదలు అమెరికాలోని క్రైస్తవ స్త్రీలు ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకు ఒక గొప్ప చందా ఉద్యమము నడిపారు. ఆ ఏడింటిలో మన దేశపువి మూడు: లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాల, మద్రాసులోని విమెన్స్ క్రిస్టియన్ కళాశాల, వేలూరు వైద్య పాఠశాల. స్త్రీలు 20 లక్షల డాలర్లు పోగుచేసినచో, రాక్‌ఫెల్లరు నిధి నుండి 10 లక్షలు కలుపుదుమని వాగ్దానము వచ్చినది. వారు పోగుచేశారు. ఇంటి ఖర్చులలో మిగిల్చిన చిల్లర డబ్బులు కూడ అందులో ఉన్నవి. మన స్త్రీల మైత్రిలో పిడికెడు బియ్యము తీసి పెట్టుట వంటిదే అది.

ఆ ఉద్యమమునకు నాయకురాలు లూసీ పీబాడీ. ఈమె మన తెలుగువారికి పరాయి వ్యక్తి కాదు. 1881లో భర్త నార్మన్ వాటర్‌బరీ గారితో కలిసి మద్రాసుకు వచ్చి, అక్కడి తెలుగువారి మధ్య బాప్టిస్టు మిషను పని చేశారు. 1886లో భర్త అక్కడనే మరణించగా, చిన్నపిల్లలతో స్వదేశమునకు తిరిగి వెళ్లారు. తరువాత చాల ఏండ్లకు పీబాడీ గారిని వివాహమాడారు. మార్చి మొదటి శుక్రవారమున మన స్త్రీలు ఆచరించే ప్రపంచ ప్రార్థనా దినము పుట్టుకలో కూడ ఈమె చేయి ఉన్నది. వేలూరుకు అమెరికాలో ఈమె పెద్ద దిక్కు. ఇరువది ఏండ్లు ఐడా అమ్మగారికి స్నేహితురాలు, సలహాదారు, ఆమె కొరకు ఎవరితోనైనా పోరాడే మనిషి.

పని వృద్ధిపొందినది. 1920లలో పట్టణములో క్రొత్త ఆసుపత్రి లేచినది. 1932లో పాఠశాల నాలుగు మైళ్ల దూరములోని బాగాయము అను చోట కొండల నడుమ కట్టిన సొంత ఆవరణమునకు మారినది. అంతా సాఫీగా సాగుచున్నదనుకొనే వేళ పెద్ద దెబ్బ తగిలినది.

ఆ రోజులలో వైద్య విద్య రెండు అంతస్తులుగా ఉండెడిది. విశ్వవిద్యాలయమునకు చేరిన కళాశాలలు ఎం.బి.బి.ఎస్. పట్టము ఇచ్చేవి. మెడికల్ స్కూళ్లు ఎల్.ఎం.పి. అను తక్కువ స్థాయి డిప్లొమా ఇచ్చేవి. వేలూరు రెండవ కోవలోనిది. 1937లో మద్రాసు రాష్ట్రములో రాజగోపాలాచారి గారి మంత్రివర్గము ఏర్పడినది. ఆరోగ్యశాఖ డాక్టరు టి. ఎస్. ఎస్. రాజన్ గారిది. ఇక మీదట ఎల్.ఎం.పి. వద్దు, డాక్టర్లందరు ఎం.బి.బి.ఎస్. చదివినవారే కావలెను అని ప్రభుత్వము తీర్మానించినది. నిజము చెప్పవలెనంటే అది మంచి తీర్మానమే. బీదవారికి సగము చదువు చదివిన డాక్టరు చాలునా? కాని వేలూరుకు అది మరణశాసనము వంటిది. పడకల సంఖ్య దాదాపు రెట్టింపు కావలెను. పెద్ద పట్టములు గల ప్రొఫెసర్లు పన్నెండుమంది వరకు కావలెను. ప్రయోగశాలలు, గ్రంథాలయము కావలెను. ఇంతలో యుద్ధము వచ్చిపడినది.

1941లో, 70 ఏండ్ల వయస్సులో, ఐడా అమ్మగారు చందాల కొరకు అమెరికాకు బయలుదేరారు. కాళ్లకు బలపము కట్టుకొన్నట్లు ఊరూరు తిరిగారు. ఇక్కడ మిగిలినవారు ఉన్నంతలో సర్దుకొని, 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతికి ఆడపిల్లలను చేర్చుకొనుటకు అనుమతి సంపాదించారు. అది తాత్కాలికపు అనుమతి మాత్రమే. తుది గుర్తింపు రావలెనంటే డబ్బు, ప్రొఫెసర్లు, పడకలు అన్నియు చూపవలెను. స్త్రీల మిషనరీ సంఘములు ఒంటరిగా ఆ భారము మోయలేవని తేలిపోయినది.

అప్పుడు వచ్చినది అసలైన ప్రశ్న. అఖిల భారత క్రైస్తవ వైద్య సమాజము వారు స్త్రీపురుషులిద్దరి కొరకు ఒక పెద్ద క్రైస్తవ వైద్య కళాశాల కావలెనని కోరుచున్నారు. వేలూరు తలుపులు పురుషులకు తెరచినచో, అన్ని మిషన్ల సహాయము అటు వచ్చును. తెరవనిచో, పాఠశాల మూతబడవచ్చును.

లూసీ పీబాడీ గారు ససేమిరా ఒప్పుకొనలేదు. ఆమె వాదము మొండితనము కాదు, బాగుగా ఆలోచింపదగినది. ఈ డబ్బు స్త్రీలు స్త్రీల కొరకు ఇచ్చినది. దానిని మరొకరికి మళ్లించుట విశ్వాసభంగము కాదా? పురుషులు ఒకసారి లోపలికి వచ్చినచో కుర్చీలన్నీ వారివే కాకుండునా? స్త్రీలు తమ చేతులతో కట్టిన ఇంటిలో తామే అతిథులు కాకుందురా? ఐడా అమ్మగారు కూడ మొదట స్త్రీల కళాశాలగానే నిలుపవలెనని ఆశించినవారే. ఎంతో మథనపడి, ప్రార్థించి, చివరికి తలుపు తెరచుటకే సమ్మతించారు. ఇరువది ఏండ్ల స్నేహము అక్కడ తెగిపోయినది. పీబాడీ గారు వేలూరు పని నుండి తప్పుకొన్నారు. ఇద్దరూ దేవుని బిడ్డలే, ఇద్దరూ ప్రార్థించినవారే. ఈ భాగము చదివినప్పుడు మాకు పౌలు, బర్నబాల మధ్య కలిగిన వివాదము గుర్తుకు వచ్చినది. లూకా దానిని దాచలేదు, మేమును దాచనక్కరలేదు.

కుష్ఠు వైద్యములో ప్రపంచ ప్రసిద్ధి పొందిన డాక్టరు రాబర్ట్ కాక్రేన్ గారు ఆ క్లిష్టకాలములో ప్రిన్సిపాలుగా ఉండి, ప్రభుత్వముతోను, విశ్వవిద్యాలయముతోను వ్యవహారము నడిపించారు. 1946లో ఐడా అమ్మగారు పదవీ విరమణ చేశారు. 1947లో మొదటి యువకులు ఎం.బి.బి.ఎస్. తరగతిలో చేరారు. స్వాతంత్ర్యము, దక్షిణ ఇండియా సంఘము, వేలూరులో మగపిల్లల తరగతి – మూడునూ ఒకే సంవత్సరము.

ఇక కుర్చీలో ఎవరు? ఇక్కడ మన తెలుగు ఆడబిడ్డ ప్రవేశించినది.

డాక్టరు హిల్డా మేరీ లాజరస్ గారు 1890లో విశాఖపట్టణములో జన్మించారు. తాతల కాలములో క్రీస్తును అంగీకరించిన కుటుంబము. తండ్రి డేనియల్ లాజరస్ గారు విద్యాబోధకులు. ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఇంగ్లండులో పై చదువులు ముగించి, మొదటి ప్రపంచ యుద్ధ కాలములో స్త్రీల వైద్య సర్వీసులో నియమింపబడ్డారు. ఆ సర్వీసులో నియమింపబడిన తొలి భారతీయ స్త్రీ ఆమె. ఢిల్లీలోని లేడీ హార్డింజి కళాశాల మొదలుకొని అనేక స్థలములలో ముప్పది ఏండ్లు పనిచేశారు. మంత్రసానులకు, నర్సులకు శిక్షణ ఇచ్చుట ఆమెకు ప్రియమైన పని. చివరకు ఆ సర్వీసుకంతటికీ ముఖ్య అధికారిణి అయినారు. ప్రభుత్వములో అంత పెద్ద పదవి ఎరిగిన మనిషి మిషను జీతమునకు, మిషను బంగళాకు, మిషను తగవులకు ఒప్పుకొని వేలూరు వచ్చుట సామాన్యమైన సంగతి కాదు.

1948లో ఆమె వేలూరుకు డైరెక్టరు అయినారు. ఆ స్థానములో తొలి భారతీయురాలు. దోర్నకల్‌లో మన అజరయ్య గారు 1912లోనే బిషప్ అయినారు. సంఘము ఆనాడే ఒక భారతీయుని చేతికి దండము ఇచ్చినది. వేలూరుకు ఆ దినము రావుటకు ఇంకను 36 ఏండ్లు పట్టినది. వచ్చినప్పుడు మాత్రము రెండు గోడలు ఒకేసారి కూలినవి. భారతీయురాలు, అందులోను స్త్రీ, పురుషులు కూడ చేరిన కళాశాలకు అధిపతి అయినది. లూసీ పీబాడీ గారు 1949లో కన్నుమూశారు. ఈ ఒక్క నియామకము ఆమె హృదయమునకు కొంత ఊరట ఇచ్చినదేమో.

హిల్డా లాజరస్ గారి ఆరేండ్ల పాలన తేలికైనది కాదు. సగము పాతది, సగము క్రొత్తది అయిన ఇల్లు అది. మగపిల్లలకు హాస్టలు కావలెను, పడకలు పెరగవలెను, విశ్వవిద్యాలయపు తనిఖీ సంఘములకు లెక్కలు చెప్పవలెను. ఒక్కరే అన్నియు చూచుకొనే ఐడా అమ్మగారి పద్ధతి ఇక సాగదు. సంస్థకంతటికీ డైరెక్టరు, కళాశాలకు ప్రిన్సిపాలు, ఆసుపత్రికి సూపరింటెండెంటు, నర్సులకు ఒక అధిపతి, జమాఖర్చులకు ఒక కోశాధికారి – ఇట్లు బాధ్యతలు విడదీసి, వారిపైన సంఘముల ప్రతినిధులతో కూడిన కౌన్సిలు ఉండు పద్ధతి స్థిరపడినది. ఆమె కాలములోనే, 1948లో డాక్టరు పాల్ బ్రాండు గారు కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స మొదలుపెట్టారు. 1949లో డాక్టరు జేకబ్ చాండీ గారు మెదడు శస్త్రచికిత్స విభాగము ప్రారంభించారు. మన దేశములో అటువంటిది అదే మొదటిది. 1950లో మద్రాసు విశ్వవిద్యాలయము శాశ్వత గుర్తింపు ఇచ్చినది. 1937లో మెడకు పడిన ఉరి పదమూడేండ్లకు తొలగినది.

ఇన్ని పెద్ద పేర్ల మధ్య ఆమె పేరు మరుగున పడినది. శస్త్రచికిత్స చేసిన డాక్టరును రోగి జీవితాంతము తలచుకొంటాడు. ఆ డాక్టరుకు గది, జీతము, పరికరము సమకూర్చిన డైరెక్టరును ఎవరు తలచుకొందురు? పాస్టరేటు సెక్రటరీలకు ఈ సంగతి బాగుగా తెలుసును. 1954లో ఆమె పదవి విడిచారు. 1961లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. 1978లో ప్రభువునందు నిద్రించారు. విశాఖపట్టణములో పుట్టిన ఈమె పేరు మన సండేస్కూలు పుస్తకములలో మాకు ఎక్కడను కనబడలేదు.

ఆమె తరువాతి కాలములో డైరెక్టరుగా పనిచేసిన డాక్టరు జాన్ కార్మన్ గారు కూడ మనవారే అనవచ్చును. ఆయన అమెరికను బాప్టిస్టు తెలుగు మిషను తరపున హనుమకొండ ఆసుపత్రిలో అనేక సంవత్సరములు పనిచేసి, ఓరుగల్లు ప్రాంతపు పల్లెలను కాలినడకన ఎరిగినవారు. ఈ విధముగా చందాలు పోగుచేసిన చేయి ఒకటి, కుర్చీలో కూర్చున్నవారు ఇద్దరు తెలుగు నేలను త్రొక్కినవారే.

ఇప్పుడు ఆ పాత తగవుకు రావలెను. ఎవరి మాట నిజమైనది? మేము వేదాంత కళాశాలలో చదివే రోజులలో ఒకసారి దీనిని గూర్చి స్నేహితుల మధ్య గట్టి చర్చ జరిగినది. అప్పుడు మేము ఐడా అమ్మగారి పక్షమున మాటలాడి గెలిచినామనుకొన్నాము. తలుపు తెరువకపోయినచో ఈ రోజు వేలూరు లేదు, మన రోగులకు కాట్పాడి రైలు లేదు. ఇది కాదనలేని సత్యము. ఉత్తరాన, డాక్టరు ఎడిత్ బ్రౌన్ గారు 1894లో స్త్రీల కొరకు స్థాపించిన లూధియానా వైద్య పాఠశాల కూడ తరువాత అదే త్రోవ పట్టక తప్పలేదు.

కాని వయస్సు వచ్చిన తరువాత అంకెలు చూచినాము. స్త్రీల కొరకు, స్త్రీల డబ్బుతో పుట్టిన కళాశాలలో చాల ఏండ్ల పాటు ఎం.బి.బి.ఎస్. తరగతికి 60 సీట్లు. అందులో పురుషులకు 35, స్త్రీలకు 25. హిల్డా లాజరస్ గారి తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారిలో పురుషులే ఎక్కువ. లూసీ పీబాడీ గారి భయము ఉత్త భయము కాదు. తలుపు తెరచుట సరియైనదే. తెరచినప్పుడు, ఇందులో స్త్రీల స్థానము ఇంత అని గట్టిగా వ్రాసిపెట్టుకొనకపోవుట లోపమని మా అభిప్రాయము. ఐడా అమ్మగారి తప్పు అని అనము. డెబ్బది దాటిన మనిషి ఒక్కతె అంతకంటె ఏమి చేయగలదు? ఆ బల్ల చుట్టు కూర్చున్న మిగిలినవారు, అనగా సంఘముల ప్రతినిధులు, ఆ పని చేసియుండవలసినది.

ఇది వేలూరు మాట మాత్రమేనా? 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారు బిషప్ అయినప్పుడు దక్షిణ ఇండియా సంఘములో తొలి స్త్రీ బిషప్ తెలుగు నేల మీదనే లేచినదని అందరము సంతోషించినాము. అదే సంవత్సరము మా పాస్టరేటు కమిటీలో స్త్రీ సభ్యులు ఇద్దరు. సమావేశములో వారికి అప్పగించబడిన పని పండుగ భోజనముల లెక్క చూచుట. ఆ తీర్మానము మీద సంతకము చేసినవారిలో మేమును ఉన్నాము.

ఐడా అమ్మగారు 1960 మేనెలలో కొడైకెనాల్‌లోని తమ ఇంటిలో, 89వ ఏట ప్రభువు సన్నిధికి చేరారు. ఆమె మొదటి షెల్ ఆసుపత్రి నేడు కంటి ఆసుపత్రిగా ఉన్నది. కళాశాల తన ధ్యేయముగా ఎంచుకొన్నది మార్కు సువార్త 10వ అధ్యాయము 45వ వచనములోని ప్రభువు మాట. సంఘములు తమ పిల్లలను సిఫారసు చేసి పంపుట, చదువు ముగించినవారు ఆ సంఘపు ఆసుపత్రులలో కొన్ని ఏండ్లు పనిచేయుట అను ఏర్పాటు పాత మిషన్ల కాలము నుండి వచ్చినదే. నీట్ పరీక్ష వచ్చిన తరువాత చేర్చుకొనే పద్ధతులు కొంత మారినవి గాని, సంఘముల సిఫారసు అను త్రోవ పూర్తిగా మూసుకొనిపోలేదు. డాక్టరు కావలెనని కోరే ఆడపిల్లలు మన పాస్టరేట్లలో ఉన్నట్లయితే వారి తలిదండ్రులు డయాసిస్ ఆఫీసులో విచారించవలెనని మనవి.

కడపటిసారి వేలూరు వెళ్లినప్పుడు, మా సంఘపు పెద్దాయనను స్కానింగు గదిలోనికి పంపి మేము బయట బెంచీ మీద కూర్చున్నాము. ప్రక్కన ప్రకాశము జిల్లా నుండి వచ్చిన ఒక అమ్మ, చేతిలో చీటీ పట్టుకొని, గోడ మీది పటము వంక చూచి అడిగినది. "ఆ తెల్ల దొరసాని ఎవరండీ, అయ్యగారూ?" చెప్పినాము. మూడు తలుపుల కథ నుండి మొదలుపెట్టి, అద్దె ఇండ్లు, పదునలుగురు ఆడపిల్లలు, ప్రభుత్వపు ఉత్తరువు వరకు వచ్చినాము. "తరువాత మన విశాఖపట్టణపు ఆమె ఒకరు వచ్చారమ్మా" అంటుండగా ఆమె నంబరు పిలిచారు. చీటీ సర్దుకొని లేచినది. రెండడుగులు వేసి వెనుకకు తిరిగి, "ఆమె పేరేమిటండీ?" అని అడిగినది.